రమ్మని అడిగిందెవరు?

ఈ సంచికకు అందిన ఉత్తరాలలో సగానికి పైగా ఒకే విషయం గురించి ఉన్నాయి. సెలవుల్లో ఏదో ఒక పేద దేశానికి వెళ్లి సేవ చేయాలనుకొనే విద్యార్థులు, వెళ్లి వచ్చి సందేహాలతో సతమతమవుతున్నవారు, పంపాలా వద్దా అని తేల్చుకోలేని తల్లిదండ్రులు రాశారు. అందువల్ల మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈసారి శీర్షిక మొత్తాన్ని దీనికే కేటాయిస్తున్నాను. ఒకే రకమైన ఉత్తరాలు వచ్చినచోట ఒకదాన్ని మాత్రమే తీసుకున్నాను.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. తూర్పు ఆఫ్రికాలోని ఒక పేద గ్రామంలో రెండు వారాల పాటు పిల్లలకు ఇంగ్లీషు నేర్పే కార్యక్రమం ఉందని, బోధనానుభవం అవసరం లేదని, చివర సర్టిఫికెట్ కూడా ఇస్తామని ఒక ఏజెన్సీ ప్రకటించింది. రుసుము చిన్న మొత్తమేమీ కాదు. అయినా నాకు నిజంగానే సాయం చేయాలని ఉంది. చేరమంటారా?
– ఒక విద్యార్థిని

జవాబు: మీ కోరికను నేను శంకించడం లేదు. శంకించవలసింది ‘బోధనానుభవం అవసరం లేదు’ అన్న ఆ ఒక్క మాటను. మీరు చదువుకున్న బడికి, పాఠం చెప్పడం రాని, పిల్లల భాష ఒక్క ముక్కయినా తెలియని, పద్నాలుగు రోజుల్లో తట్టాబుట్టా సర్దుకొని వెళ్లిపోయే మనిషిని టీచరుగా పంపుతామని ఎవరైనా అంటే మీ తల్లిదండ్రులు ఊరుకొనేవారా? ఆ గ్రామంలోని తల్లిదండ్రులు ఊరుకుంటున్నారంటే వారికి పట్టింపు లేదని అర్థం కాదు. వద్దని చెప్పే అవకాశం వారికి ఎవరూ ఇవ్వలేదని అర్థం.

కొన్నేళ్ల క్రితం నేను విద్యార్థి బృందాలకు సమన్వయకర్తగా వెంట వెళ్లేదాన్ని. ఒక పల్లె బడిలో మా బృందంలోని అమ్మాయి రంగుల అట్టలు చేత పట్టుకొని మూడో తరగతి పిల్లలకు ఇంగ్లీషులో రంగుల పేర్లు నేర్పుతోంది. ముందు వరుసలో ఉన్న ఒక పిల్ల ఎర్ర అట్టను చూసి మొదట బిక్కమొహం వేసింది, రెండోసారి సగం పలికి ఆగింది, మూడోసారి గట్టిగా, తప్పు లేకుండా చెప్పింది. మా అమ్మాయి కళ్లు చెమర్చాయి. సాయంత్రం ఆ బడి పంతులమ్మ కాస్త మొహమాటపడుతూనే నాకు అసలు సంగతి చెప్పింది. ఆ పిల్లకు రంగుల పేర్లు రెండేళ్లుగా వచ్చు. వచ్చిన ప్రతి బృందమూ రంగులతోనే మొదలుపెట్టి, కళ్లూ ముక్కూ చెవులూ దాకా వచ్చేసరికి గడువు తీరి వెళ్లిపోతుంది. ముందే గబగబా చెప్పేస్తే వచ్చినవాళ్ల మొహాలు చిన్నబోతున్నాయని పిల్లలే కనిపెట్టి, తమలో తాము ఒక ఒప్పందానికి వచ్చారట. మా బృందం ఉన్నన్నాళ్లూ ఆ పంతులమ్మ తన తరగతిలోనే వెనక బల్ల మీద కూర్చుంది. భాగహారాల పాఠం సగంలో ఆగి ఉందని నల్లబల్ల మూలన చెరపకుండా వదిలేసిన లెక్క చూస్తే తెలుస్తుంది. దాన్ని మాలో ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా.

కాబట్టి డబ్బు కట్టే ముందు ఏజెన్సీని నాలుగు విషయాలు రాతపూర్వకంగా అడగండి. ఈ గ్రామానికి ఇంగ్లీషు నేర్పేవారు కావాలని అడిగింది ఎవరు, వారితో మీరు ఫోన్‌లో మాట్లాడవచ్చా అన్నది మొదటిది. మీకు ముందు వచ్చిన బృందం పాఠం ఎక్కడ ఆపింది, దాన్ని ఎవరు రాసిపెట్టారు అన్నది రెండోది. మీరు కట్టే రుసుములో ఎంత భాగం ఆ గ్రామంలోనే, అంటే బడికి, మీకు బస ఇచ్చే కుటుంబానికి, స్థానిక సిబ్బంది జీతాలకు చేరుతుందన్నది మూడోది. ఇక నాలుగోదాన్ని చాలామంది అడగరు గాని అన్నిటికంటే ఎక్కువ సంగతులు బయటపెట్టేది అదే: దరఖాస్తు చేసినవారిలో పనికిరారని ఎవరినైనా ఎప్పుడైనా తిప్పి పంపారా? డబ్బు కట్టిన ప్రతి ఒక్కరినీ చేర్చుకొనే చోట, సేవ అందుకొనేది ఆ గ్రామం కాదు, మీరే. ఏజెన్సీ లెక్కల పుస్తకంలో ఖాతాదారు పేరు మీది.

పోలిక కోసం ఒక విషయం చెబుతాను. విదేశాలకు స్వచ్ఛంద సేవకులను పంపడానికి అమెరికా ప్రభుత్వం 1961లో ప్రారంభించిన పీస్ కోర్ మీద విమర్శలు లేకపోలేదు. కాని అది ఆతిథ్య దేశం ఆహ్వానిస్తేనే అక్కడికి వెళుతుంది, సేవాకాలం మామూలుగా 27 నెలలు, అందులో మొదటి మూడు నెలలూ స్థానిక కుటుంబంతో కలిసి ఉంటూ భాష, పని నేర్చుకోవడానికే సరిపోతాయి. అంటే పని మొదలుపెట్టకముందు జరిగే శిక్షణే మీ మొత్తం కార్యక్రమానికి ఆరు రెట్లు. మీరు రెండేళ్లు వెళ్లాలని నేను అనడం లేదు. రెండు వారాలే ఉంటే టీచరు స్థానంలో నిలబడకండి. టీచరుకు సహాయకురాలిగా ఉండే ఏర్పాటు ఉంటేనే వెళ్లండి. ఆమె పాఠం ఆమే చెబుతుంది, మీరు ఆమె అడిగిన బొమ్మలు గీసిపెడతారు, ఆమెకు అవసరమైతే ఆమెతో కూర్చొని ఇంగ్లీషు ఉచ్చారణ సాధన చేయిస్తారు, వెనకబడిన ఇద్దరు ముగ్గురు పిల్లల పక్కన కూర్చుంటారు. ఇది ఫొటోలో అంత బాగా రాదు. మీరు వచ్చేసిన తరువాత మిగిలేది మాత్రం ఇదే.

ప్రశ్న: నాకు పిల్లలంటే ప్రాణం. కంబోడియాలోని ఒక అనాథాశ్రమంలో నెల రోజులు ఉండి, వారిని ఆడించి, ప్రేమ పంచి రావాలని నిశ్చయించుకున్నాను. టికెట్ కూడా కొనబోతున్నాను. అక్కడికి వెళ్లేముందు ఏమేమి నేర్చుకోవాలో చెప్పండి.
– ఒక పీజీ విద్యార్థి

జవాబు: టికెట్ కొనకండి. ఈ శీర్షికలో ఇంత ఖండితంగా చెప్పే అలవాటు నాకు లేదు, కాని ఈ ఒక్క విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

2005 నుంచి 2010 వరకు అయిదేళ్లలో కంబోడియాలో అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగిందని యూనిసెఫ్ చెప్పింది. ఆ కాలంలో అక్కడ యుద్ధం రాలేదు, ఆ స్థాయిలో తల్లిదండ్రులను పొట్టనపెట్టుకున్న మహమ్మారీ రాలేదు. వచ్చింది పర్యాటకులు. ఆశ్రమాలలోని పిల్లల్లో దాదాపు నలుగురిలో ముగ్గురికి తల్లి గాని తండ్రి గాని బతికే ఉన్నారని కూడా అప్పుడే తేలింది. పేదరికంలో ఉన్న కుటుంబం దగ్గరకు ఎవరో వచ్చి, పిల్లను మాతో పంపితే చదువు చెప్పిస్తాం, మూడు పూటలా తిండి పెడతాం అంటారు. తల్లి నమ్మి పంపుతుంది. ఆ పిల్లను చూడటానికి విదేశాల నుంచి మనుషులు వస్తారు, వస్తూ డబ్బు తెస్తారు. మనుషులు ఎంత ఎక్కువగా వస్తే అంత మంది పిల్లలు కావాలి. పిల్లలు బొద్దుగా, సంతోషంగా కనిపిస్తే విరాళాలు తగ్గుతాయి కనుక కొన్ని చోట్ల వారిని కావాలనే చిక్కిన స్థితిలో ఉంచిన ఉదంతాలు కూడా బయటపడ్డాయి. నేపాల్‌లోనూ పిల్లల ఆశ్రమాలు ఎక్కువగా పర్యాటకులు తిరిగే కొద్ది జిల్లాలలోనే గుమిగూడి ఉండటం యాదృచ్ఛికం కాదు. ఇలా పిల్లలను ఆశ్రమాలకు తరలించి లాభం గడించడాన్ని ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వంలో ఒక రూపంగా గుర్తించింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ, బాలల హక్కులపై చేసిన తీర్మానంలో, అనాథాశ్రమాలలో వాలంటీరు పని, ముఖ్యంగా పర్యాటకంతో ముడిపడినది, పిల్లలను కుటుంబాలకు దూరం చేసే ప్రమాదం ఉందని స్పష్టంగా చెప్పింది.

ఆశ్రమం నిజాయతీగా నడిచేదే అనుకుందాం. అప్పుడు కూడా మీ నెల రోజుల ప్రేమను పిల్ల వైపు నుంచి చూడండి. మొదటి రోజునే పరుగున వచ్చి ఒళ్లో కూర్చొనే పిల్లను చూసి వచ్చినవారు మురిసిపోతారు. ఇంట్లో పెరిగే పిల్లలు కొత్తవాళ్లను చూసి తల్లి చీర కుచ్చిళ్ల చాటుకు పోతారు, అది ఆరోగ్యం. ముక్కూ మొహం తెలియని మనిషిని క్షణంలో వాటేసుకోవడం, ఎవరి మీదా నిలకడగా మమకారం పెంచుకొనే వీలు లేకుండా పెరిగిన పిల్లల్లో తరచుగా కనిపించే లక్షణమని పిల్లల మానసిక నిపుణులు చెబుతారు. మీరు వెళ్లిపోయిన మర్నాడు ఇంకొకరు వస్తారు, నెల తరువాత వారూ వెళ్లిపోతారు. ఏడాదికి పన్నెండు వీడ్కోళ్లు.

పిల్లలంటే అంత ప్రేమ ఉన్నవారు కనుక మీకు వేరే దారి ఉంది. ఆశ్రమాల నుంచి పిల్లలను తిరిగి కన్నవారి దగ్గరకో బంధువుల దగ్గరకో చేర్చే సంస్థలు ఉన్నాయి. వాటికి మీరు పిల్లల మధ్య కూర్చోవడం అక్కరలేదు. స్థానిక సామాజిక కార్యకర్తకు జీతం కావాలి, తిరిగి వెళ్లిన పిల్లకు బడి ఖర్చు కావాలి. టికెట్‌కు దాచిన డబ్బు అక్కడికి పంపండి.

ప్రశ్న: మేము ఎంబీబీఎస్ మూడో సంవత్సరం విద్యార్థులం. విదేశంలోని ఒక గ్రామీణ క్లినిక్‌లో మూడు వారాలు పనిచేస్తే కుట్లు వేయడం, కాన్పులు చేయడం దాకా మా చేతులతో చేయవచ్చని, ఇక్కడైతే దొరకని అవకాశమని నిర్వాహకులు అంటున్నారు. ఇది మంచి అభ్యాసం కాదా?
– ఇద్దరు వైద్య విద్యార్థులు

జవాబు: ఇక్కడ ఎందుకు దొరకదో మీకు తెలుసు. మీకు ఇంకా అర్హత రాలేదు కనుక. విమానం ఎక్కి దిగితే అర్హత రాదు. మీరు చదివే చోట పర్యవేక్షణ లేకుండా చేయకూడనిది ఎక్కడా చేయకూడదన్నదే ఇందులో మొదటి నియమం; అమెరికన్ వైద్య కళాశాలల సంఘం 2011లో తమ విద్యార్థుల కోసం ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే మాట చెబుతాయి, అలా హద్దు మీరడం వైద్య కళాశాల ప్రవేశాలకు ఉపయోగపడకపోగా అడ్డం కావచ్చని హెచ్చరిస్తాయి. ‘వాళ్లకు అసలు డాక్టరే లేడు, మేము కాస్తయినా నయం కదా’ అనే వాదన మీ మనసులో మెదులుతూ ఉంటుంది. పక్కన నిలబడ్డ నర్సు ఇరవై ఏళ్లుగా కాన్పులు చేస్తున్న మనిషి అయి ఉంటుంది. ఆమెను పక్కకు జరిపి మీరు గ్లవుజులు తొడుక్కుంటే నయం అవుతుందా? ఆమె వెనక నిలబడి చూడండి, ఆమె చెప్పినప్పుడు బీపీ చూడండి, రికార్డులు రాయండి. కుట్ల సంగతి పరీక్షలు పాసయ్యాక.

ప్రశ్న: మా అమ్మాయికి పంతొమ్మిదేళ్లు. విదేశంలోని పేదవాడలో నెల రోజుల సేవా కార్యక్రమానికి వెళతానని పట్టుబడుతోంది. దాని క్షేమం గురించి ఒక బెంగ. ఇక రెండోది మీరు తప్పుగా అనుకోకపోతే అడుగుతాను: అక్కడివారికి పెద్ద మేలు జరగకపోయినా, మా అమ్మాయికి లోకం తెలుస్తుంది కదా, కళ్లు తెరుచుకుంటాయి కదా, అది చాలదా?
– ఒక తండ్రి

జవాబు: ముందు క్షేమం సంగతి. ఏ వీసా మీద పంపుతున్నారో అడగండి. అనేక దేశాలలో పర్యాటక వీసా మీద జీతం లేని పని చేయడం కూడా నేరమే. ‘ఎవరైనా అడిగితే చూడటానికి వచ్చామని చెప్పండి’ అని నిర్వాహకులు అంటే ఆ ఒక్క మాటతోనే వారి సంగతి తేలిపోయినట్లు. ఆఫ్రికాలోనూ దక్షిణ అమెరికాలోనూ కొన్ని దేశాలకు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ తప్పనిసరి, అది టీకా వేసుకున్న పది రోజుల తరువాతగాని చెల్లదు. మలేరియా ఉన్న ప్రాంతమైతే నివారణ మాత్రలు ప్రయాణానికి ముందే మొదలుపెట్టి, మందును బట్టి తిరిగివచ్చాక నాలుగు వారాల దాకా కొనసాగించాలి. ఇంటికి రాగానే మానేసేవారే ఎక్కువ. అత్యవసరంగా ఆస్పత్రికి తరలించే ఖర్చు కూడా భరించే బీమా ఉండాలి. రాత్రి పదింటికి ఏదైనా అయితే ఫోన్ ఎత్తేది ఎవరో, ఆ మనిషి ఎంత దూరంలో ఉంటారో పేరుతో సహా రాయించుకోండి.

ఇక మీ రెండో ప్రశ్న. తప్పుగా ఎందుకు అనుకుంటాను? నాకు వచ్చిన ఉత్తరాలన్నిటిలోకీ నిజాయతీ గల ప్రశ్న అదే. తక్కినవారు సేవ అనే మాట చాటున దాచుకున్నదాన్ని మీరు బాహాటంగా అడిగారు.

అవును, మీ అమ్మాయి నేర్చుకుంటుంది. అందులో తప్పు లేదు. అయితే నేర్చుకోవడానికి వెళ్లేవారిని విద్యార్థి అనాలి. విద్యార్థి గురువుకు ఫీజు కడుతుంది, గురువు చెప్పినట్లు వింటుంది, తన వల్ల గురువుకు ఇబ్బంది కలిగితే క్షమాపణ అడుగుతుంది. చిక్కంతా నేర్చుకోవడానికి వెళుతూ ఉద్ధరించడానికి వెళుతున్నట్లు చెప్పుకోవడంలో ఉంది. అలా చెప్పుకున్నప్పుడు అక్కడివారు గురువులుగా కాక దీనులుగా కనిపించవలసి వస్తుంది, వారి వాడ బడిగా కాక కష్టాల ప్రదర్శనశాలగా మారుతుంది.

ఈ మాట కొత్తదేమీ కాదు. 1968 ఏప్రిల్‌లో, మెక్సికో పల్లెలలో వేసవి సేవకు వెళ్లే అమెరికన్ విద్యార్థుల సమావేశానికి ఇవాన్ ఇల్లిచ్ అనే క్రైస్తవ గురువును ఉపన్యాసానికి పిలిచారు. ఆయన అభినందిస్తారని కూర్చున్నవారిని ఆయన వెళ్లవద్దన్నారు. మీకు అక్కడి భాష రాదు కనుక, మీరు ఏమి చేస్తున్నారో, మీ గురించి ఆ మనుషులు ఏమనుకుంటున్నారో కూడా మీకు తెలియదు. సేవే చేయాలనుకుంటే మీ దేశంలోని పేదల మధ్య చేయండి, అక్కడైతే వాళ్లు పొమ్మన్నప్పుడు కనీసం మీకు అర్థమవుతుంది అన్నది ఆయన వాదన సారం. మెక్సికోకు చూడటానికి రండి, కొండలెక్కడానికి రండి, చదువుకోవడానికి రండి, సాయం చేయడానికి మాత్రం రావద్దు అని ముగించారు. సాయం విషయంలో నేను ఆయనంత దూరం వెళ్లను. స్థానికులు పిలిచి, పని వారే చెప్పి, వచ్చినవారిని తామే నడిపించిన చోట బయటివారి చేయి ఉపయోగపడటం కళ్లారా చూశాను. కాని భాష గురించి ఆయన అన్నదానికి నా దగ్గర జవాబు లేదు.

కనుక మీ అమ్మాయిని పంపండి, సేవ అన్న పేరు మార్చి పంపండి. స్థానిక కుటుంబంతో ఉంటూ భాష నేర్చుకొనే కార్యక్రమాలు, స్థానిక విశ్వవిద్యాలయం నడిపే వేసవి కోర్సులు ఉన్నాయి. వెళ్లేలోగా మూడు నెలలు ఆ భాష నేర్చుకోమనండి. ఆ మూడు నెలలు ఓపిక పట్టలేకపోతే, నెల రోజుల పేదవాడ ఎందుకు కావలసివచ్చిందో మీరిద్దరూ ఇంకోసారి మాట్లాడుకోవడం మంచిది.

ప్రశ్న: గత ఏడాది మా ఇంజనీరింగ్ కళాశాల బృందం విరాళాలు పోగుచేసి, పశ్చిమ ఆఫ్రికాలోని ఒక పల్లెలో బోరు వేయించి చేతిపంపు బిగించి వచ్చింది. ఎనిమిది నెలలకే పంపు ఆగిపోయిందని, ఆడవాళ్లు మళ్లీ పాత చెలమ దగ్గరకే వెళుతున్నారని తెలిసింది. మళ్లీ చందాలు వసూలు చేసి వెళ్లి బాగుచేయాలని కొందరు, వాళ్లకు జాగ్రత్త లేనప్పుడు మనమేం చేస్తామని కొందరు అంటున్నారు. మీరేమంటారు?
– ఒక విద్యార్థి బృంద నాయకుడు

జవాబు: రెండో వర్గం వారి మాటను ముందు పక్కన పెట్టండి. సహారాకు దక్షిణాన ఉన్న 20 ఆఫ్రికా దేశాలకు సంబంధించి 2009లో ఒక అంచనా వెలువడింది. ఏ సమయంలో చూసినా చేతిపంపులలో మూడింట ఒక వంతుకు పైగా పనిచేయడం లేదని అందులో తేలింది. ఇరవై దేశాల పల్లెలవారందరికీ ఒక్కసారే జాగ్రత్త పోదు. పంపు బిగించడం ఒక రోజు పని, దాన్ని ఇరవై ఏళ్లు నడిపించడం ఇంకొక పని. విరాళాలిచ్చేవారికి మొదటిది కనిపిస్తుంది, రెండోది కనిపించదు.

మీది ఏ రకం పంపో మీరు రాయలేదు. లోకమంతటా ఎక్కువగా వాడుకలో ఉన్న ఇండియా మార్క్ 2 రకాన్ని ఉదాహరణగా తీసుకుందాం. యూనిసెఫ్ తోడ్పాటుతో 1970లలో రూపొందిన గట్టి పంపు అది. అందులో మొదట అరిగేది బోరు లోతున సిలిండరులో పిస్టనుకు ఉండే వాషరు, గిన్నె ఆకారంలో అరచేతిలో ఇమిడిపోయే చిన్న వస్తువు. అది అరిగితే పిడి ఎంత కొట్టినా నీళ్లు పైకి రావు. కాని దాన్ని మార్చాలంటే లోపలి పైపులన్నీ ఒక్కొక్కటిగా పైకి లాగి విప్పాలి. దానికి ప్రత్యేకమైన పట్టుకార్లు, స్పానర్లు, కొన్నిసార్లు ముక్కాలి పీట లాంటి స్టాండు, నలుగురైదుగురు మనుషులు, వారిలో పని తెలిసినవాడు ఒక్కడైనా కావాలి. ఈ అవస్థ చూసే తరువాత మార్క్ 3 రకంలో పైపును వెడల్పు చేసి, పైపులు విప్పకుండానే పిస్టనును పైకి తీయగలిగేలా మార్చారు. ఊరివారు ఊరిలోనే బాగుచేసుకోగలగాలన్న ఆలోచన పంపు రూపాన్నే మార్చిందన్నమాట. మీ బృందం పంపును ఎంచుకొన్నప్పుడు, ఆ జిల్లాలో ఆ రకానికి వాషర్లు ఏ బజారులో దొరుకుతాయని ఎవరైనా అడిగారా? ప్రారంభోత్సవం నాడు రిబ్బన్ కత్తిరించిన చేతికి స్పానర్ల పెట్టె కూడా ఇచ్చారా?

ఇప్పుడు చేయవలసినది చెబుతాను. చందాల మాట ఎత్తకముందు ఊరికి ఫోన్ చేయండి, పెద్దమనుషులకు మాత్రమే కాదు, నీళ్లు మోసే ఆడవారితో కూడా మాట్లాడించమని అడగండి. పంపు చెడినప్పుడు ఎవరి దగ్గరకు వెళ్లారు, అతను ఏమన్నాడు, ఏ సామాను దొరకలేదు అని తెలుసుకోండి. ఆ ప్రాంతంలో పంపుల మెకానిక్ ఉంటే అతనికి కూలి, సామాను ఖర్చు పంపండి. మీ విమాన ఖర్చులో పదో వంతు కూడా అవదు. ఇద్దరు ఆడవారికి అతని చేత పని నేర్పించగలిగితే ఇంకా మేలు. నీళ్లు పట్టుకొనే ఇళ్లన్నీ నెల నెలా కొద్దికొద్దిగా వేసుకొనే నిధి ఉంటే రెండో వాషరు వారే కొనుక్కుంటారు. ఆ నిధి పెట్టాలో వద్దో, ఎంత వేయాలో వారు తేల్చుకోవాలి; మీరు తేల్చిన మొత్తాన్ని రెండు నెలలు వేసి మూడో నెల మానేస్తారు, ఆ తరువాత మీలో కొందరు మళ్లీ జాగ్రత్త లేదంటారు.

అమెరికాలో 2002లో మొదలైన ఇంజనీర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ తన విద్యార్థి శాఖలను ఒక ఊరితో కనీసం అయిదేళ్ల ఒప్పందానికి కట్టుబడమంటుంది, నిర్మాణ ఖర్చులో కొంత వాటాను ఊరి చేత పెట్టిస్తుంది. మీరు నాలుగేళ్ల చదువులో ఉన్నవారు. అయిదేళ్ల ఒప్పందం అంటే మీ తరువాత వచ్చే జూనియర్లను కూడా దీనికి కట్టడం. అంత వీలు కానప్పుడు బోరు వేయకపోవడమే మేలు. ఆ పేరుతోనే కెనడాలో పనిచేసే సంస్థ 2008 నుంచి తమ వైఫల్యాల మీద ఏటా నివేదిక అచ్చువేస్తూ వచ్చింది. ఆ పద్ధతి మీరూ పాటించండి. మీకు చందాలిచ్చిన ప్రతి ఒక్కరికీ, పంపు ఆగిపోయింది, కారణం ఇది, మేము పొరబడింది ఇక్కడ అని ఒక పేజీ రాసి పంపండి. చేదుగానే ఉంటుంది. ప్రారంభోత్సవం ఫొటోలు పంపినప్పుడు మాత్రం అందరి చిరునామాలూ మీ దగ్గర ఉన్నాయి కదా.

ప్రశ్న: అక్కడి పిల్లలతో దిగిన ఫొటోలు పెట్టుకోవడం కూడా తప్పేనా? అందరూ పెడుతున్నారు.
– ఒక పాఠకురాలు

జవాబు: నార్వే విద్యార్థుల సహాయ సంస్థ ఒకటి 2012లో ఒక వ్యంగ్య వీడియో తీసింది. చలికి వణికిపోతున్న నార్వే ప్రజల కోసం ఆఫ్రికావారు జాలిపడి గదిని వెచ్చబెట్టే రేడియేటర్లు పోగుచేసి పంపుతారు. నవ్వు వస్తుంది, వెంటనే ఎందుకు నవ్వామో తెలిసి నోరు మూతపడుతుంది. ఆ సంస్థే తరువాత ఫొటోల విషయంలో ఒక చిన్న మార్గదర్శిని కూడా ఇచ్చింది. నా మట్టుకు నాకు ఒకటే కొలత. మీ చెల్లెలో తమ్ముడో బడిలో ఉండగా, ఎవరో విదేశీయుడు వచ్చి, మీ అమ్మానాన్నలను అడగకుండా, చీమిడి ముక్కుతో ఉన్న క్షణం చూసి ఫొటో తీసి, ‘ఈ కళ్లు నా జీవితాన్ని మార్చేశాయి’ అని రాసి లోకానికి చూపిస్తే మీకు ఎలా ఉంటుంది? తల్లిదండ్రులను వారి భాషలో అడిగి, ఎక్కడ పెడతారో చెప్పి, సరే అంటే తీయండి. ఒక ప్రతి వారికి ఇచ్చి రండి. ఆస్పత్రిలో వద్దే వద్దు.

ప్రశ్న: నేను రెండేళ్ల క్రితం ఇలాంటి కార్యక్రమానికి వెళ్లివచ్చాను. వచ్చేటప్పుడు తొమ్మిదేళ్ల పాప చేయి పట్టుకొని, మళ్లీ వస్తానని, ఉత్తరాలు రాస్తానని మాట ఇచ్చాను. ఒక్క ఉత్తరమూ రాయలేదు. ఇప్పుడు ఈ కార్యక్రమాల గురించి చదువుతుంటే సిగ్గుగా ఉంది. ఇంత ఆలస్యంగా రాయడం మంచిదా, కదిలించకుండా వదిలేయడం మంచిదా?
– పేరు రాయని పాఠకుడు

జవాబు: రాయండి. మీరు మరచిపోయారని ఆ పాప అనుకొని రెండేళ్లు అయింది. రాయకపోతే ఆ అభిప్రాయం అలాగే ఉండిపోతుంది.

నేరుగా పాపకు కాక బడి టీచరు పేరు మీద రాయండి, ఇంట్లోవారికి తెలిసే అందేలా చూడమని అడగండి. మళ్లీ వస్తానని రాయకండి. ఆలస్యానికి కారణాలు అక్కరలేదు, పదకొండేళ్ల పిల్లకు మీ పరీక్షలూ ఉద్యోగమూ ఎందుకు? రాస్తానని చెప్పి రాయలేదు, నాది తప్పు అని ఒక వాక్యం చాలు. ఆమె మీకు నేర్పిన ఆట గాని, పాట గాని, మాట గాని ఒకటి గుర్తుండే ఉంటుంది. అది ఇంకా గుర్తుందని రాయండి. డబ్బు, బహుమతులు పెట్టకండి. నెలకొకటి రాస్తానని ఈసారి కూడా ఉత్సాహపడతారేమో, ఏడాదికి ఒకటి అనుకోండి, ఏ నెలలో రాస్తారో ఇప్పుడే తేల్చుకోండి. ఆ పాప భాషలో రాయించడానికి ఆ భాష తెలిసినవారిని ఒకరిని వెతుక్కోండి. అచ్చు వేయించకుండా, అక్షరాలు వంకరగా వచ్చినా సరే, చూసి మీ చేత్తోనే దించండి.